ఇంజను మారినను పనితనము మారదు

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున దుండిగల్ కలదు. అక్కడి వైమానికదళ అకాడమీకి 1967 అక్టోబరు 11న నాటి రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిరి. విమానచోదకులను తయారుచేయు స్థలముగా దానిని అందరు ఎరుగుదురు. కాని చోదకుడు క్షేమముగా ఎగిరి దిగుటకు నేలమీది ఇంజను పనివాడు కూడ కారణమని తలచువారు తక్కువ.

ఆ పనివాని విద్యకు ఈ మైదానములో గట్టి పరీక్షలే జరిగినవి. ఇక్కడ శిక్షణకు వాడిన హెచ్.పి.టి.-32 విమానమునకు ఆరు సిలిండర్ల, 260 అశ్వశక్తి గల పెట్రోలు ఇంజను ఉండెడిది. ఇది మోటారుకారు ఇంజనుకు దగ్గరి చుట్టము. 2009లో ఆ విమానములు నిలిచిపోయినవి. 2013లో పిలాటస్ పి.సి.-7 విమానములు వచ్చినవి. వీటిలో పిస్టనులు లేవు. వేడి వాయువులు టర్బైను రెక్కలను త్రిప్పగా, ఆ చలనము పళ్లచక్రముల ద్వారా ప్రొపెల్లరుకు చేరును. మరి పిస్టను ఇంజను నేర్చినవాని శ్రమ వృథా అయినదా?

చరిత్ర కాదనుచున్నది. 1903లో రైట్ సోదరులకు తేలికైన ఇంజను కావలసివచ్చినది. కారు కంపెనీలేవియు దానిని ఇయ్యలేదు. వారి సైకిలు దుకాణములోని మెకానిక్కు ఛార్లీ టేలర్, ఒక లేతు, ఒక డ్రిల్లింగు యంత్రము సాయముతో ఆరు వారములలో 12 అశ్వశక్తుల ఇంజనును తయారుచేసెను. హెన్రీ రాయిస్ మొదట డైనమోలు, విద్యుత్ క్రేనులు చేసినవాడు. 1904లో కారు నిర్మించెను; మొదటి ప్రపంచయుద్ధములో విమానపు ఇంజనులు చేసెను. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. సంస్థ దారి దీనికి విరుద్ధము. యుద్ధానంతరము విమానపు ఇంజనులు నిషిద్ధము కాగా, 1923లో అది మోటారు సైకిలు తయారుచేసినది. మన ప్రాంతముననే ఆవిరి యంత్రములు నడిపిన నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాకు పూనుకొన్నది.

ఇట్లు ఒక యంత్రమునుండి మరియొక దానికి వెంట వచ్చునది ఏది? తిరుగు ఇరుసుకును బేరింగుకును నడుమ వెండ్రుక మందమునకు తక్కువ సందు ఉండవలెను. అది మించిన అదురు పుట్టును. తగ్గిన కందెన నూనెకు చోటుండక లోహము వేడెక్కి పట్టివేయును. ఈ కొలత తీయుట, అదురునుబట్టి లోపము కనిపెట్టుట, వేడిని తగ్గించు ఉపాయము, ఏ లోహము ఎంత తాళునో ఎరుగుట, చేసిన పనిని పుస్తకములో వ్రాసియుంచుట: ఇవి బస్సు డిపోలోను, ఆసుపత్రి జనరేటరు వద్దను, విమానశాలలోను సమానమే.

అయితే అంతయు ఉచితముగా వెంట రాదు. కార్బ్యురేటరు నేర్చినవాడు టర్బైనును క్రొత్తగా చదువవలెను. పౌర విమానము ఎగురుటకు తగియున్నదని సంతకము చేయుటకు వేరే పరీక్షలు, లైసెన్సు కావలెను.

నేడు విద్యుత్ వాహనములు వచ్చుచుండగా, ఇంజను విద్యను ఎన్నుకొనుటకు విద్యార్థులు సంశయించుట సహజము. విద్యుత్ మోటారుకు సిలిండరు లేదు. కాని ఇరుసు, బేరింగు, వేడి, అదురు ఉన్నవి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు, డీజిలు మెకానిక్కు పని నేర్చు బాలుడు దానితోపాటు విద్యుత్తును కూడ పట్టుదలతో చదివినచో, రాయిస్ నడచిన దారిని వెనుకకు నడచినవాడగును. ఆ దారి రెండు వైపులను తెరచియే యున్నది.