మనసు డాక్టర్ ఫీజు మన జేబులోంచే ఎందుకు పోతోంది? గోదావరిఖని నుంచి వందేళ్ల లెక్క

ఎప్పుడూ పాత ఫొటోలతో, పాత మ్యాపులతో మొదలుపెట్టేవాణ్ని. ఈ ఎపిసోడ్ మాత్రం నా యూపీఐ హిస్టరీతో మొదలుపెడుతున్నా.

ఎనిమిది నెలలు. సైకియాట్రిస్టుతో మొదటి వీడియో కాల్‌కు 900 రూపాయలు. ఆ తర్వాత నెలకొకటి చొప్పున ఏడు కాల్స్, ఒక్కోదానికి 600. మందులకు నెలకు 1,150. మొత్తం 14,300. దానికి ముందు ఒక యాప్‌లో కొన్న ప్యాకేజీ 4,999. అన్నీ కలిపితే 19,299 రూపాయలు. నా జీతం నెలకు 16 వేలు. అంటే నెల జీతం కన్నా ఎక్కువే పోయింది. ఇందులో ఒక్క రూపాయి కూడా ఏ ఇన్సూరెన్సూ ఇవ్వలేదు.

మాది గోదావరిఖని. నాన్న లక్ష్మీనగర్‌లో టైలర్. బాయి డ్యూటీకి పోయేవాళ్ల బట్టలు కుట్టే మమ్మల్ని చదివించాడు. నేను బొగ్గు లారీల కాంట్రాక్టర్ దగ్గర కాంటా రాస్తా. మూడు షిఫ్టులు. పోయినేడాది నిద్ర పోయింది. లారీ నంబర్ రాస్తుంటే చేతులు వణికేవి, ఛాతీ పట్టేసేది. గుండె జబ్బేమోనని ఈసీజీ తీయించుకుంటే అంతా బాగుందన్నారు. అప్పుడే భయం ఇంకా ఎక్కువైంది. అంతా బాగుంటే మరి నాకేమైంది?

మొదట దొరికింది ఆ యాప్. ఆరు సెషన్ల ప్యాకేజీ అన్నారు. రెండయ్యాక నాతో మాట్లాడే మనిషి మారిపోయింది, తర్వాత స్లాట్ దొరకలేదు, పైసలు వాపస్ రాలేదు. ఆవిడ కౌన్సెలర్, మందులు రాసే అర్హత ఉన్న డాక్టర్ కాదని నాకు తర్వాత తెలిసింది. ఆ తర్వాతే హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్టును పట్టుకున్నా. ఆయన మంచివాడు. కానీ మందు చీటీలో "రాత్రి పడుకునే ముందు" అని రాశాడు. సార్, ఈ వారం నాకు నైట్ షిఫ్ట్, నేను పడుకునేది పొద్దున ఎనిమిదింటికి అని చెప్తే, ఒక నిమిషం ఆగి, మళ్లీ మొత్తం మార్చి రాశాడు.

ఇంట్లో అమ్మ అడిగింది, దేనికి బిడ్డా ఇన్ని మందులు అని. గ్యాస్ ట్రబుల్ అని చెప్పా. ఈ అబద్ధం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఇప్పుడు అసలు ప్రశ్న. బొగ్గు ఊర్లో పుట్టినవాడికి దవాఖాన అంటే ఫ్రీ అనే కదా అందరూ అనుకునేది? మరి నేనెందుకు కడుతున్నా? దీనికి జవాబు చరిత్రలో ఉంది.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. మన రామగుండం వైపు బాయిలు మొదలైంది చాలా ఆలస్యంగా, 1950ల చివర, 1960ల మొదట్లో. బాయితో పాటే క్వార్టర్లు, బడి, దవాఖాన వచ్చాయి. మస్టర్‌లో పేరుంటే ఇంటిల్లిపాదికీ కంపెనీ దవాఖానలో వైద్యం. ఇది చిన్న విషయం కాదు. చుట్టుపక్కల ఊళ్లలో ప్రసవానికి మంత్రసాని తప్ప దిక్కులేని రోజుల్లో, ఇక్కడ కార్మికుడి భార్య దవాఖానలో కాన్పు అయ్యేది.

కానీ ఆ కార్డు ఎంతమందికి? 1990ల మొదట్లో సింగరేణి కార్మికులు లక్ష దాటారు. ఇప్పుడు దాదాపు 40 వేలు. 2011 జనాభా లెక్కల్లో ఒక్క రామగుండం పట్టణమే రెండు లక్షలు దాటింది. కాంట్రాక్టు వాళ్లు, ఆటో వాళ్లు, హోటల్ వాళ్లు, మా నాన్న లాంటి టైలర్లు, వీళ్లంతా బొగ్గు మీదే బతికేవాళ్లు, కార్డు మాత్రం లేనివాళ్లు. మా ఇంట్లో ఆ కార్డు ఎన్నడూ లేదు.

ఇప్పుడు చట్టాలకు వద్దాం. బ్రిటిష్ ఇండియాలో 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. అప్పుడు మనది నిజాం రాజ్యం, కాబట్టి ఆ చట్టం మనకు నేరుగా చెల్లలేదు. విలీనం తర్వాత, 1950లలో ఇక్కడికీ వచ్చింది. ఆ చట్టం పనితీరు చాలా సింపుల్. ఒక జాబితా ఉండేది. బొటనవేలు పోతే ఇంత శాతం, చెయ్యి పోతే ఇంత శాతం, రెండు కళ్లు పోతే నూరు శాతం. పనివల్ల వచ్చే జబ్బులకు ఇంకో జాబితా. మొదట్లో అందులో బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు కూడా లేదు. తర్వాతి దశాబ్దాల్లో చేరింది. మనసు జబ్బు అప్పుడు లేదు, తర్వాత కూడా చేరలేదు.

1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. జీతంలోంచి కొంత కోసి, యజమాని కొంత వేసి, కార్మికుడికి వైద్యం ఇచ్చే పద్ధతి. కానీ అందులో ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెప్పే చోటే, గనుల చట్టం కిందికి వచ్చే గని ఫ్యాక్టరీ కాదు అని రాశారు. బొగ్గు గనులకు అప్పటికే వేరే సంక్షేమ నిధి ఉంది, బొగ్గు మీద సెస్సు వేసి నడిపేవాళ్లు. పర్మినెంట్ కార్మికుడికి కంపెనీ దవాఖాన ఉంది కాబట్టి లోటు తెలియలేదు. గనుల్లో కాంట్రాక్టు పని పెరిగాక ఆ లోటు బయటపడింది.

ఇక్కడ కాసేపు ఇంగ్లండ్ పోదాం. 20వ శతాబ్దం మొదట్లో అక్కడి బొగ్గు గనుల్లో నిస్టాగ్మస్ అనే జబ్బు బాగా పెరిగింది. కనుగుడ్లు వాటంతటవే అటూ ఇటూ కదులుతుంటాయి. సేఫ్టీ ల్యాంపు మసక వెలుగులో ఏళ్లపాటు పనిచేయడం వల్ల వస్తుందన్నారు. నష్టపరిహారం జాబితాలో చేర్చారు. తర్వాత డాక్టర్లు గమనించింది ఏంటంటే, ఇలా వచ్చేవాళ్లలో చాలామందికి కళ్ల కన్నా ఎక్కువగా వేరే బాధలున్నాయి. నిద్ర లేదు, వణుకు, బాయిలోకి దిగాలంటే భయం. కొందరు డాక్టర్లు ఇది కంటి జబ్బు కాదు, మనసుదే అని వాదించారు. కార్మికులు అబద్ధం చెప్పారని కాదు. జాబితాలో కంటికి చోటుంది, భయానికి లేదు. కాబట్టి బాధ కంటి పేరుతోనే ఆఫీసు గడప తొక్కింది.

నేను అమ్మకు గ్యాస్ ట్రబుల్ అని చెప్పింది కూడా అదే కదా.

ఇప్పుడు మన ఊరికి రండి. 2003 జూన్ 16. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చాయి. 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో పైకప్పు కూలి ఇంకో పది మంది పోయారు. నేనప్పుడు చిన్నపిల్లాణ్ని. మా గల్లీలో ఒక మామ ఉండేవాడు. నీళ్లొచ్చిన రోజు ఆయన డ్యూటీ మార్చుకుని ఇంటి దగ్గర ఉన్నాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కానీ వాన పడితే ఆ మనిషి ఇంట్లో ఉండేవాడు కాదు, నల్లా నీళ్ల చప్పుడైనా లేచి కూర్చునేవాడు. తాగుడు మొదలైంది. అందరూ తాగుబోతు అన్నారు. ఆయనకు ఏమైందో చెప్పే మాట మా గల్లీలో ఎవరి దగ్గరా లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్‌ఓ, పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఇలాంటి మానసిక గాయాన్ని చేర్చింది 2010లో.

సరే, మామను ఎవరైనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలనుకున్నా, ఎక్కడికి? నిజాం కాలంలో పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది, ఇప్పుడది మహారాష్ట్ర. 1953లో ఎర్రగడ్డకు మార్చారు. మనకు ఎర్రగడ్డ అంటే దవాఖాన పేరు కాదు, తిట్టు. "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలె" అని బళ్లో మనమంతా అన్నవాళ్లమే. రామగుండంలో పొద్దున్నే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, ఓపీ లైన్లో నిలబడాలి, రాత్రి అక్కడే ఉండాలి. రెండు డ్యూటీలు పోతాయి. తోడు వచ్చినవాళ్లవీ పోతాయి.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా స్థాయి కార్యక్రమం మొదలయ్యాయి. అయినా 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో ఏం తేలిందంటే, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు. అందుతున్న కుటుంబాలు వైద్యానికి, ప్రయాణాలకు నెలకు 1,000 నుంచి 1,500 దాకా సొంతంగా ఖర్చుపెడుతున్నాయి. అది చదివినప్పుడు నాకు ఒకరకమైన ఊరట. నా 1,750 నా ఒక్కడి దురదృష్టం కాదన్నమాట.

2020 మార్చి 25న, సరిగ్గా లాక్‌డౌన్ మొదలైన రోజు, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. వీడియోలో చూసి మందులు రాయడానికి అప్పుడు స్పష్టమైన అనుమతి దొరికింది. ఎర్రగడ్డ దూరం ఒక్కసారిగా అరచేతిలోకి వచ్చింది. ఇది నిజంగా మంచి మార్పు. నన్ను బతికించింది కూడా అదే. కానీ దూరం తగ్గింది, బిల్లు తగ్గలేదు.

మరి ఇన్సూరెన్స్? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చింది. ఒంటి జబ్బుకు ఎలా ఇస్తారో మనసు జబ్బుకూ అలాగే ఇన్సూరెన్స్ ఇవ్వాలి అని సెక్షన్ 21లో రాసి ఉంది. అదే ఏడాది ఆగస్టులో ఐఆర్‌డీఏఐ కంపెనీలకు సర్క్యులర్ పంపింది. చదవగానే ఎగిరి గంతేశా. తర్వాత తెలిసింది, మామూలు పాలసీలు ఎక్కువగా అడ్మిట్ అయితేనే కడతాయి. ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా అడ్మిషన్ల కోసమే. నా జబ్బేమో నెలకు ఇరవై నిమిషాల మాట, రోజూ రెండు గోళీలు. చట్టం ఒంటినీ మనసునూ సమానం చేసింది, నిజమే. కానీ ఒంటికైనా ఓపీ ఫీజు ఇవ్వని పాలసీ, మనసుకు ఎక్కడ ఇస్తుంది?

మూడో నెల చివర్లో చెల్లి ఫీజు కట్టాల్సి వచ్చి, నేనే మందులు ఆపేశా. ఎవర్నీ అడగలేదు. పది రోజుల్లో మొదటికన్నా ఘోరం. కాంటా దగ్గర కూర్చుని ఏడ్చా. ఆ రోజు అమ్మకు నిజం చెప్పా. గ్యాస్ కాదు, మనసు బాగాలేదు అని. అమ్మ ఏం మాట్లాడలేదు. చీటీ పైసలు తీసి ఇచ్చింది. మందులు మళ్లీ మొదలుపెట్టా. దయచేసి ఖర్చు కోసం మందులు మీ అంతట మీరు ఆపకండి. ఖర్చు కష్టంగా ఉందని డాక్టర్‌కే చెప్పండి. నేను చెప్పాక ఆయన ఒక మందును తక్కువ ధరదానికి మార్చాడు. ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

నాకు తెలియక పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోవద్దు. కాబట్టి నాలుగు మాటలు. ఒకటి, పైసలు కట్టేముందు అవతలి మనిషి డాక్టరా, కౌన్సెలరా అడగండి. 2020 మార్గదర్శకాల ప్రకారం చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, ఫీజుకు రసీదు ఇవ్వాలి. రెండు, ప్యాకేజీలు కొనకండి, ఒక్కో కాల్‌కు కట్టండి. మూడు, 14416. టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో, పూర్తిగా ఉచితం. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆ నంబర్‌కు చేయండి, పక్కనున్న మనిషికి చెప్పండి. నాలుగు, రామగుండంలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, సింగరేణి పేరుతోనే. మెడికల్ కాలేజీ అంటే సైకియాట్రీ విభాగం ఉండాలన్నది రూలు. గోదావరిఖని జనరల్ హాస్పిటల్ కౌంటర్‌లో ఆ ఓపీ ఏ రోజో అడగండి. సిగ్గుపడకండి. మనం అడిగితేనే లైన్ ఉందని వాళ్లకూ తెలుస్తుంది.

చివరిగా ఒకటి. బొగ్గు దుమ్ము జబ్బు 1923 జాబితాలో లేదని చెప్పా కదా. దగ్గుతూ బతికినవాళ్లు, వాళ్ల తరఫున కొట్లాడినవాళ్లు, ఊపిరితిత్తుల ఫొటోలు పట్టుకుని తిరిగినవాళ్లు ఉన్నారు కాబట్టే తర్వాత చేరింది. రుజువు లేకుండా ఏ జాబితా పెరగలేదు. అందుకే నా ఫోన్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకున్నా. ప్రతి చీటీ, ప్రతి రసీదు, తేదీలతో సహా. రేపు ఏ యూనియన్ వాళ్లో, ఏ ఆఫీసరో మనసు జబ్బుకు ఎంత ఖర్చవుతుంది బాబూ అని అడిగితే, 19,299 అని చూపించడానికి.

మీ దగ్గర కూడా అలాంటి లెక్క ఉంటే దాచిపెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు మాత్రం దాచకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.