దూరం, ప్రభావం: కోయంబత్తూరు, మదురై తెలుగువారి అనుభవం

మనిషి మాటనూ అలవాటునూ మార్చేది పొరుగువారా, దూరాన ఉన్న సొంతవారా? సామాజిక మనస్తత్వ శాస్త్రంలో ఇది పాత ప్రశ్న. 1950లో లియోన్ ఫెస్టింజర్ బృందం అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థుల ఇళ్లను పరిశీలించి, స్నేహాలు ఎక్కువగా పక్క గుమ్మాల మధ్యే కుదిరాయని చూపింది. 1981లో బిబ్ లటానే ప్రభావానికి మూడు మూలాలు చెప్పాడు: చెప్పేవారి బలం, సామీప్యం, సంఖ్య.

ఈ మూడూ శతాబ్దాల నిడివిలో ఎలా పనిచేస్తాయో తమిళనాడులోని తెలుగు ఊళ్లలో కనిపిస్తుంది.

1529 ప్రాంతంలో విజయనగర సామ్రాజ్యం తరఫున విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాడు. అక్కడికి ఆ సామ్రాజ్య రాజధాని హంపీ ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. నాయకరాజులు రాజ్యాన్ని 72 పాళేలుగా పంచి, ఎక్కడికక్కడ పాళెగాళ్లను నిలిపారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం పట్టు సడలింది. మదురై పాలకుడు తిరుమల నాయకుడు (1623–1659) విజయనగర చక్రవర్తికి ఎదురే తిరిగాడు. రాజకీయ బంధం తెగినా తెలుగు మాత్రం నిలిచింది. దాన్ని నిలిపింది హంపీ కాదు, మదురై కొలువులో నిత్యం ఒకరి పద్యం ఒకరు వినే కవులు. విజయరంగ చొక్కనాథుని (1706–1732) దగ్గర సేనానిగా ఉన్న సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. పద్యానిదే పెద్దపీట అయిన కాలంలో అది సాహసం.

రాణి మీనాక్షితో, 1730లలో, ఆ కొలువు ముగిసింది. ఆపైన భాష భారమంతా ఇళ్ల మీద పడింది.

కోయంబత్తూరు ప్రాంతంలో కమ్మ నాయుళ్లు, బలిజలు, అరుంధతీయులు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ వచ్చారు. ఒకే చోట గుంపుగా ఉన్న ఇళ్లలో మాట నిలుస్తుంది, విడివిడిగా ఉన్నచోట త్వరగా జారిపోతుంది. పరిశ్రమల్లోనూ సామీప్యం పాత్ర తక్కువది కాదు: 1910లో కుప్పుస్వామి నాయుడి లక్ష్మీ మిల్స్, 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ, తర్వాత జి.డి. నాయుడి యంత్రాలు, అన్నీ ఈ ఒక్క నగరం చుట్టే పుట్టాయి.

కోయంబత్తూరులోని గాంధీపురం బస్టాండు చుట్టుపక్కల ఊళ్లను ఒకచోటికి చేరుస్తుంది. అక్కడి బేరమూ పలకరింపూ తమిళంలోనే. బడి కూడా తమిళానిదే. 2006 నాటి చట్టం తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. అందుకే చాలామందికి తెలుగు నోటికి వస్తుంది, కంటికి రాదు. శతాబ్దాలు నిలిచిన భాషకు లిపి దూరం కావడం తీరని నష్టం. అయినా 2011 జనగణనలో తమిళనాడులో 42 లక్షల మందికి పైగా తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకున్నారు.