పేరు చెప్పని ఓటర్లు

ఎన్నికలు ముగిసిన పిమ్మట పత్రికలలో రెండు లెక్కలు వచ్చును. ఎవరికెన్ని ఓట్లు పడినవి యనునది మొదటిది. నూటికెందరు ఓటు వేసిరి యనునది రెండవది. మొదటి దానిని గూర్చి ఊరూరను చర్చ జరుగును. రెండవ దానిని జూచి పెద్దలు నిట్టూర్చి, ప్రజలు సోమరులని తీర్మానించి, పత్రిక మడిచి పెట్టుదురు. ఈ తీర్మానము నాకెన్నడును రుచింపలేదు. ఓటు వేయనివాడు ఎందుచేత వేయలేదో తెలియవలెనన్న వాని గుమ్మము వరకు పోవలెను. మన దేశమున ఒకప్పుడు పట్టికలు వ్రాయువారు నిజముగనే గుమ్మము గుమ్మమునకును పోయిరి. ఆ కథనే నేడు మీకు మనవి చేయదలచితిని.

అంతకు ముందొక్క మాట. ఓటు వేయకుండుట యెల్ల నొక్క జాతికి చెందినది కాదు. 1919 నాటి చట్టము ననుసరించి 1920 నవంబరులో చెన్నపురి శాసనసభకు ఎన్నికలు జరిగినవి. శిస్తో పన్నో చెల్లించు కొలదిమందికే ఆ హక్కు. రాజధాని యంతటను ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు. వారిలో ఓటు వేసినవారు నాలుగవ వంతు. సహాయ నిరాకరణమును బూనిన కాంగ్రెసు ఆ ఎన్నికలను బహిష్కరించి యుండెను. ఇంట నిలిచిన వారందరును దేశభక్తిచేతనే నిలిచిరని నేననను. ఓటన నేమో యెరుగనివారును, పొలము పని విడువలేనివారును వారిలో నుందురు. అయినను మరుసటి యేట చీరాల పేరాల ప్రజలేమి చేసిరో చూడుడు. తమ గ్రామములను పురపాలక సంఘముగా మార్చి పన్నులు పెంచిరని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై ఇండ్లు వాకిండ్లు విడిచి, రామనగరమను పాకల యూరు కట్టుకొని నెలల తరబడి కాపురముండిరి. వారిని రాజకీయములయందు శ్రద్ధ లేనివారని యెవ్వరనగలరు?

స్త్రీల సంగతి వేరు. స్త్రీలన్న కారణముచేత ఓటు నిరాకరించు నియమమును 1921లో చెన్నపురి శాసనసభ తొలగించెను. బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో ఇట్లు చేసినది అదియే మొదటిది. కాని ఆస్తి నియమము తొలగలేదు. ఆస్తులో, పురుషుల పేరనుండెను. తరువాత 1935 నాటి చట్టములో, భర్తకు గల యోగ్యతను బట్టి భార్యకును ఓటు నిచ్చు ఏర్పాటొకటి చేసిరి. మేలే, కాని ఫలానివాని భార్య యగుటయే ఆమె యర్హత యైనది.

స్వరాజ్యము వచ్చిన వెనుక ఇరువది యొక్క యేండ్లు నిండిన ప్రతివారికిని, ఆస్తితోను చదువుతోను పని లేకుండ, ఓటు నిచ్చుటకు నిశ్చయించిరి. రాజ్యాంగము అమలునకు రాకమునుపే, 1948 నుండియే, పట్టికలు వ్రాయుట మొదలైనది. 1950 మార్చిలో సుకుమార్ సేన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనరుగా నియమితులైరి. ఆయన గణితము చదివిన ఐ.సీ.ఎస్. ఉద్యోగి. ఆయన చేతికి వచ్చిన లెక్క పదునేడు కోట్లకు పైబడిన ఓటర్లు. అందధికులు అక్షరము రానివారు. కాని ఆయనను బాధించినది నిరక్షరత కాదు, బిడియము. పట్టిక వ్రాయువాడు ఇంటికి వచ్చి పేరడుగగా, ఉత్తర దేశమున లక్షల కొలది స్త్రీలు, ఫలానివాని తల్లిననియో, ఫలానివాని భార్యననియో చెప్పి ఊరకుండిరి. పరపురుషునకు పేరు చెప్పుట వారి యిండ్ల మర్యాద కాదు. వ్రాయువారును అట్లే వ్రాసికొని పోయిరి.

సేన్ గారు దీని నంగీకరింపలేదు. సొంత పేరు లేనిదే పట్టికలో చోటు లేదని యుత్తరువు చేసిరి. బీహారులో పేర్లు చెప్పుటకు ఒక మాసము అధికముగ గడువిచ్చిరి. తుదకు సుమారు ఎనిమిది కోట్ల స్త్రీ ఓటర్లలో ఇరువది యెనిమిది లక్షలమంది పేర్లు కొట్టివేయబడినవి. వారిలో అధికులు బీహారు, ఉత్తరప్రదేశము, మధ్యభారతము, రాజస్థానము, వింధ్యప్రదేశములవారు.

ఇది న్యాయమా? నేను చాల దినములు తర్కించుకొంటిని. ఆచారమును చేసినవారు మగవారు, దానిని పాటించినందులకు ఓటు పోయినది ఆడువారికి. ఇంతకంటె విపరీతమేమి? అయినను రాముని తల్లి యని వ్రాసినచో ఆ పేర ఎవ్వరు వచ్చి ఓటు వేసినను పట్టుకొనుట యెట్లు? ఊరిలో రాములెందరు! ఉత్తరువు సరియైనదే యని నా యభిప్రాయము. గడువు మాత్రము చాలలేదు.

మన జిల్లాలలో చిక్కు మరియొక తీరున వచ్చినది. మా నాయనమ్మ తన పేరు చెప్పుటకు జంకలేదట. కాని పట్టికలో భర్త పేరును వ్రాయవలెను గదా! ఊరికి క్రొత్తగా వచ్చిన బడిపంతులుగారు అది యడుగగా, "ఏడుకొండలవాడి పేరే నాయనా" అని లోపలికి పోయినదట. ఆయన ఏడుకొండలు అని వ్రాసికొనిరి. మా తాతగారి పేరు వేంకటేశ్వర్లు. ఆ యెన్నికలో ఆమె ఏడుకొండలు భార్యగనే ఓటు వేసి వచ్చినది. తాతగారు చాల దినములు దానికి అలిగియుండిరని మా యింట చెప్పుకొందురు.

1951 అక్టోబరులో హిమాచలప్రదేశమున మొదలైన ఆ యెన్నికలు 1952 ఫిబ్రవరి దాక సాగినవి. అభ్యర్థి కొక పెట్టె, పెట్టెమీద గుర్తు. ఓటరు కాగితమును తనకు నచ్చిన పెట్టెలో వేయుటయే పని. నూటికి సుమారు 45 మంది వచ్చిరి. నల్లగొండలో, కొలది నెలల క్రిందటి వరకు సాయుధ పోరాటము సాగిన గడ్డమీద, జనము పెట్టెల ముందు బారులు తీర్చి, రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికంటె నెక్కువ ఓట్లు వేసిరి.

1962లో పురుషులు నూటికి 63 మంది ఓటు వేయగా స్త్రీలు 47 మందియే వేసిరి. 2019లో స్త్రీల లెక్క పురుషుల లెక్కను వెంట్రుకవాసి దాటినది. ఆ దూరమంతయు స్త్రీలు నడచినదే.

అదే 2019లో తెలంగాణమున నూటికి 63 మంది ఓటు వేయగా హైదరాబాదు నియోజకవర్గమున 45 మందియే వేసిరి. నగరవాసుల బద్ధకమని మరల అదే తీర్మానము వినబడినది. బద్ధకము లేదని నేననను. కాని పేరొకచోట బ్రతుకొకచోట నున్నవారు ఆ నగరమున లెక్కకు మిక్కిలి. చట్టము పేరొక్కచోటనే యుండవలెననును. పాత యూరిలో పేరు కొట్టివేయించుకొనక, నగరమున వ్రాయించుకొన్నవారెందరో కలరు. ఆ సంవత్సరము ఆంధ్రమునకును తెలంగాణమునకును ఒక్కనాడే, ఏప్రిలు 11న, ఓటు జరిగినది. ముందు రాత్రి కోస్తా జిల్లాలకు పోవు బస్సులు క్రిక్కిరిసిపోయినవి. హైదరాబాదు పట్టికలో రానివారుగ లెక్కింపబడిన వారిలో కొందరు ఆ యుదయమున తమ యూరి బడి వాకిట వేలికి సిరా పూయించుకొనుచుండిరి.