గన్నవరం పొద్దు, మద్రాసు టైము

రైలు రాకముందు గన్నవరానికి గడియారంతో పనేముంది చెప్పండి? పొద్దు నడినెత్తికొస్తే పన్నెండు. ఏలూరు పొద్దు ఏలూరుది, బెజవాడ పొద్దు బెజవాడది. గొడవే లేదు. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలుమార్గం వేశాక వచ్చింది తంటా. ఒకే దారిన ఎదురెదురుగా రెండు బళ్ళు నడవాలంటే స్టేషన్ల గడియారాలన్నీ ఒకే మాట చెప్పాలి. లేకపోతే ప్రాణాలకే ముప్పు! అందుకని అప్పట్లో రైళ్ళకి మద్రాసు టైమే టైము. అక్కడి అబ్జర్వేటరీ నుంచి తంతి ద్వారా కబురొస్తే స్టేషను మాస్టర్లు ముల్లు జరుపుకునేవారు.

1906 జనవరి 1 నుంచి దేశానికంతటికీ ఒకే టైమన్నారు. కలకత్తా, బొంబాయి వాళ్ళు చాలా ఏళ్ళు మొరాయించారు లెండి. ఆ టైము కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశం లెక్క. మద్రాసు టైముకి తొమ్మిది నిమిషాలు ముందు. గన్నవరం పొద్దు మాత్రం ఇప్పటికీ గడియారానికి సుమారు ఏడు నిమిషాలు వెనకే! లగ్నం కట్టే సిద్ధాంతిగారికి ఈ తేడా తెలుసు, మనమే పట్టించుకోం.

ఇదంతా ఎందుకంటే, ఆమధ్య గన్నవరంలో మావాళ్ళ పెళ్ళికి హాల్లో నాలుగు టీవీలు పెట్టారు. ఒక్కోదాని వెనక పేకముక్కంత కంప్యూటరు. అన్నిట్లోనూ ఒకటే వీడియో. కాసేపటికి ఒకదాంట్లో పెళ్ళికూతురు నవ్వేసి తలొంచుకుంటే, పక్కదాంట్లో ఇంకా నవ్వబోతోంది! "అన్నీ ఒకేసారి నొక్కానండీ పిన్నిగారూ!" అని కుర్రాడు లబలబలాడాడు.

నొక్కిన మాట నిజమే. కానీ ఒక కంప్యూటరు చప్పున అందుకుంటుంది, ఒకటి తాత్సారం చేస్తుంది. పైగా దేని గడియారం దానిదే. రోజుకి ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ పోవచ్చు. వీడియోలో సెకనుకి 25 బొమ్మలాయె! అందుకని ఒకదాన్ని ఇంటిపెద్దగా పెట్టి, మిగతావి మాటిమాటికీ దాన్ని టైమడిగి దిద్దుకోవాలి. వెనకబడ్డది ఒకటి రెండు బొమ్మలు దాటేసి కలుసుకోవాలి. స్టేషను మాస్టర్లు చేసిన పనే.

మరి అడిగి జవాబొచ్చేలోగా కాలం గడిచిపోదూ? ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి పట్టిన సమయంలో సగం కలుపుకోవడమే ఉపాయం. దీన్ని కంప్యూటర్ల కోసం ఒక పద్ధతిగా కట్టుదిట్టం చేసి 1985లో అందించినాయన డేవిడ్ మిల్స్, అమెరికా ఇంజనీరు. ఇంటర్నెట్లో కంప్యూటర్లు చాలామటుకు ఈ పద్ధతిలోనే టైము దిద్దుకుంటున్నాయి. ఆయనకి పుట్టుకతోనే గ్లాకోమా. పెద్ద తెరలు పెట్టుకుని, ఉన్న కాస్త చూపుతోనే పనిచేశారు. చివరి రోజుల్లో ఆ చూపూ పోయింది. 2024 జనవరిలో, 85 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.