నాలుగు హద్దులు

మాది రాతపని. సంగారెడ్డిలో దస్తావేజులు రాసి బతికిన ఇల్లు. నాయన ఉర్దూలో రాశాడు, నేను తెలుగులో రాశాను, నా కొడుకు కంప్యూటర్ మీద కొడుతున్నాడు. అమ్మేవాడు మారతాడు, కొనేవాడు మారతాడు, ధర సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతి పత్రంలోనూ తప్పకుండా ఉండేవి మాత్రం నాలుగు హద్దులు. తూర్పు ఫలానా వారి చేను, పడమర బండ్లబాట, ఉత్తరం వాగు, దక్షిణం పాటిదిబ్బ. ఇంకా ఏమేమో వచ్చేవి: మోటబావి, చింతలతోపు, గోరీలు, పీర్లకొట్టం, పడిపోయిన శివాలయం. ఊరి చరిత్ర నిలబెడదామని ఎవరూ వాటిని రాయలేదు. రేపు గెట్టు తగాదా వస్తే సర్వేయర్ చూసి గుర్తుపట్టాలని రాశారు. అయినా ఆ కాలపు పత్రం ఒకటి చదివితే ఆ చేను గెట్టు మీద నిలబడి చుట్టూ చూసినట్టే ఉంటుంది.

ఇప్పుడు రాసేది ఇదీ: తూర్పు ప్లాట్ నంబరు 46, పడమర 30 అడుగుల రోడ్డు, ఉత్తరం ప్లాట్ నంబరు 31, దక్షిణం పొరుగువారి స్థలం. రామచంద్రాపురంలో రాసినా సదాశివపేటలో రాసినా ఒకటే.

హద్దు మాట పోతే ఏం పోతుందో మా వైపు పటాన్‌చెరును చూస్తే తెలుస్తుంది. పటాన్‌చెరు అనగానే ఈ రోజు లారీలు, కంపెనీల షిఫ్టు బస్సులు, ఔటర్ రింగ్ రోడ్డు దిగే కార్లు కళ్లముందుకొస్తాయి. వెయ్యేళ్ల కిందట అది కల్యాణి చాళుక్యుల ముఖ్యపట్టణాల్లో ఒకటి. శాసనాల్లో పొట్టళకెరె. పదకొండో శతాబ్దం మొదట్లో రెండో జయసింహుడికి అది నెలవు. జైనులకు పెద్ద స్థానం కూడా. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఈ ఊళ్లో శైవులకూ జైనులకూ నడిచిన పోటీ గురించి, రాణి సుగ్గలదేవి గురించి చెప్పాడు. కవి గెలిచినవాళ్ల వైపు మనిషి, కాబట్టి ఆయన చెప్పిందంతా అలాగే జరిగిందని తీసుకోలేం. రాళ్లు మాత్రం ఉన్నాయి. పటాన్‌చెరు నుంచి వెళ్లిన పన్నెండో శతాబ్దపు జైన శిల్పాలు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో చూడొచ్చు. కింద చీటీ మీద ఊరి పేరు, శతాబ్దం రాసి ఉంటాయి. ఏ సర్వే నంబరులో దొరికింది, ఎవరి చేను, పక్కన బావి ఉండేదా గుడి ఉండేదా అన్నది ఉండదు. చరిత్రకారుడికి అది చిన్న లోటు కావచ్చు. రాతగాడికి అది హద్దుల్లేని దస్తావేజు.

నాయన తను రాసిన ప్రతి పత్రానికీ సంగ్రహం ఒక నోటు పుస్తకంలో ఎక్కించుకునేవాడు. 1356 ఫసలీలో, అంటే 1946–47లో, ఆ చుట్టుపక్కలే ఒక చేను అమ్మకానికి దక్షిణపు హద్దు 'బొమ్మలరాయి' అని ఉంది. అదే చేను 1980ల్లో కొడుకుల మధ్య పంపకానికి నా దగ్గరికి వచ్చింది. అప్పుడు వాళ్లు చెప్పిన దక్షిణపు హద్దు 'పడావు భూమి'. రాయి ఏమైందని అడిగితే పెద్దాయన నావైపు వింతగా చూశాడు. "ఏం రాయి సారూ, కంకర మిషన్లు వచ్చినంక ఇంకా రాళ్లెక్కడివి?" మూడోసారి ఆ భూమి వచ్చేసరికి లేఅవుట్ అయింది. దక్షిణం 40 అడుగుల రోడ్డు. అది జైన బొమ్మో, వీరగల్లో, ఊరి పోచమ్మ రాయో ఇక తేల్చుకునే దారి లేదు.

మా వైపు భూమి రూపు మారడానికి పెద్ద కారణం భూసేకరణ. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వచ్చింది. ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచి ప్రధాని అయ్యాక ఆ జోరు పెరిగింది. సేకరణ అంటే కాగితం మీద ఏం జరుగుతుందో చెప్తాను. వందల సర్వే నంబర్లు ఒకే యజమాని కిందికి వస్తాయి. బయటి గెట్టు మిగులుతుంది, లోపలి గెట్లన్నీ కలిసిపోతాయి. ఇక్రిశాట్ కోసం సుమారు 1,400 హెక్టార్లు తీసుకున్నారు. మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు లేచిపోయాయి. ఊరు లేచిపోయిందంటే ఇళ్లతో పాటు బొడ్రాయి, బండ్లబాట, బావిగడ్డ అన్నీ దస్తావేజుల్లోంచి ఒక్కసారిగా తప్పుకున్నట్టు. ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. ఆ కంచె లోపల చెట్లు, కుంటలు, వలస పిట్టలు బతికాయి. కంచె బయట మేం స్వేచ్ఛగా అమ్ముకుని, కొనుక్కుని, పంచుకున్న భూమిలో అవి బతకలేదు.

'ఉత్తరం: నక్కవాగు' అని నేను చాలా పత్రాల్లో రాశాను. ఒకప్పుడు వాగు హద్దు ఉన్న మడికి ఎకరం మీద నాలుగు రూపాయలు ఎక్కువ పలికేది. మందుల కంపెనీలు వచ్చి వాగులోకి వ్యర్థాలు వదిలాక కొనేవాడు ముందు అడిగే ప్రశ్న 'వాగుకు ఎంత దూరం?' దూరముంటేనే బేరం. ఆ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది, రైతులకు నష్టపరిహారం ఇవ్వాలని ఆదేశాలొచ్చాయి, 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం మొదలైంది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని అచ్చు వేస్తే ప్రపంచమంతా చదివింది. వాగు ఇప్పటికీ రెవెన్యూ పటంలో నీలిగీతే.

ఇన్ని పోయిన తోవలో నిలిచినవి ఏవి, ఎందుకు నిలిచాయి అని ఆలోచిస్తే నాకు ముందు తట్టేది సంగారెడ్డి పాత జైలు. 1796లో కట్టింది. అప్పుడు హైదరాబాద్‌ను నిజాం అలీఖాన్ ఏలుతున్నాడు. 2012లో ఖైదీలను కంది దగ్గర కట్టిన కొత్త జైలుకు మార్చారు. ఊరి మధ్య ఎకరాల జాగా ఖాళీ అయింది. అలాంటి జాగా ధర ఎంతో మా రాతగాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాంప్లెక్స్ కడతారని బజారులో పందాలు కాశారు. 2016లో జైళ్ల శాఖ దాన్ని మ్యూజియం చేసింది. అంతటితో ఆగకుండా, 500 రూపాయలు కడితే ఇరవై నాలుగు గంటలు ఖైదీగా ఉండొచ్చని ప్రకటించింది. ఖద్దరు దుస్తులు, స్టీలు పళ్లెం, గ్లాసు, దుప్పటి ఇచ్చేవారు. జైలు మాన్యువల్ ప్రకారం తిండి. మలేషియా నుంచి కూడా వచ్చి ఉండి వెళ్లారు. మా ఊళ్లో వెనుకట ఇవన్నీ ఉచితమే, పైగా వద్దన్నా పెట్టేవారు.

లోపలికి వెళ్తే గోడ మందం చూడండి. అది పాత గచ్చు, సున్నం పని. బ్యారక్‌లో నడి ఎండాకాలం మధ్యాహ్నం కూడా అరుగు మీద కూచోవచ్చు. ఇదే సున్నం, ఇదే మందం గోడలతో మా ఊళ్లో భవంతులు ఉండేవి. అవి పోయాయి, జైలు మిగిలింది. నా లెక్కలో కారణం ఒక్కటే. జైలుకు వారసులు లేరు.

భవంతి అంటే నడిమిట్ల వాకిలి, చుట్టూ దర్వాజలు, టేకు స్తంభాల మీద దిగిన పెంకులు. వాన పడితే నాలుగు వైపుల నీళ్లూ వాకిట్లోకే. అలాంటి ఇల్లు పంచడం ఎంత కష్టమో పంపక పత్రం రాస్తే తెలుస్తుంది. నేను రాసిన వాటిలో ఒకటి చెప్తాను. అన్నదమ్ములు నలుగురు. తూర్పు భాగం పెద్దాయనకు, దేవునర్ర సహా. దక్షిణం రెండో ఆయనకు, వంటిల్లు సహా. పడమర, ఉత్తరం మిగతా ఇద్దరికి. వాకిలి, బాయి, దాలాను 'ఉమ్మడి' అని రాశాం. దాలాను అంటే వీధి తలుపు లోపలి చావడి. ఉమ్మడి అని రాయడం ఒక్క మాట, దాని వెనక పదేళ్ల కయ్యం. వాకిట్లో నీళ్లు నిలిస్తే ఎవరు తీయాలి, పెంకు జారితే కూలి ఎవరివ్వాలి, పెండ్లికి పందిరి ఎవరిని అడిగి వేయాలి. నలుగురున్నప్పుడే ఇలా ఉంటే వాళ్ల పిల్లలు పదకొండు మంది. ఒకరు అమెరికా, ఇద్దరు బీహెచ్ఈఎల్ క్వార్టర్లు. ఉమ్మడి వాకిలి మీద బ్యాంకు అప్పు ఇవ్వదు. విడిభాగానికి మ్యూటేషన్ తేలదు. చివరికి అందరూ ఒప్పుకోగలిగింది ఒక్కటే, బిల్డర్‌కు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్. ఇంత శాతం బిల్డర్‌కు, ఇంత శాతం వాళ్లకు. దాన్ని కూడా నేనే రాశాను. స్తంభాలు, దర్వాజలు పాత కట్టె వ్యాపారి లారీలో వేసుకుపోయాడు. అవి ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ హోటల్లో అలంకారంగా ఉన్నాయో.

కూల్చినవాళ్లకు పాత ఇల్లంటే ప్రేమ లేదని రాసే పత్రికలవాళ్ల మీద నాకు కొంచెం కోపం. ఆ పదకొండు మందిలో ఒకామె సంతకం పెట్టేటప్పుడు వాకిట్లో తులసిగద్దె ఫొటో బల్ల మీద పెట్టుకుంది. ప్రేమ ఉంది. దాన్ని నిలబెట్టే దారి వారసత్వ చట్టాల్లో లేదు. ఉమ్మడి ఆస్తిని విడగొట్టడానికి ఉన్నన్ని దారులు కలిపి ఉంచడానికి లేవు.

హైదరాబాద్‌కు 1995 నుంచీ పాత కట్టడాల రక్షణకు జోనింగ్ నిబంధనలుండేవి. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ జాగాలో కొత్త శాసనసభ కడతామని ప్రభుత్వం నిర్ణయిస్తే హైకోర్టు కొట్టేసింది. అది నవాబు కట్టిన పెద్ద మహలు, కోర్టు దాకా వెళ్లే మనుషులున్నారు. మా భవంతుల జాబితా అనేది నా బల్ల దాకా ఎప్పుడూ రాలేదు.

మా మేనల్లుడు దుబాయ్‌లో మేస్త్రీ పని చేసి వచ్చాడు. అక్కడ బస్తకియా అని పాత వాడ ఒకటి ఉందట, ఇరాన్ వైపు నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇళ్లు, పైన గాలిని పట్టి గదిలోకి దింపే బురుజులు. 1980ల్లో కొంత కూల్చేశారు. 1989లో బ్రిటన్ యువరాజు చార్లెస్ వచ్చి చూసి మెచ్చుకున్నాక మిగతాది ఆగింది, తర్వాత బాగు చేశారు. మావాడు అక్కడి గోడలకు గచ్చు చేశాడో లేదో గాని మెచ్చుకోలు మాత్రం చాలా చేస్తాడు. "ఎడారిలో వాళ్లు కాపాడుకున్నరు మామా, మనం చెరువుల దేశంల కాపాడుకోలేదు." నేనన్నాను, అక్కడ పాలకుడు ఒక్కడు సరేనంటే చాలు, ఇక్కడ పదకొండు సంతకాలు కావాలె, అందులో ఒకటి అమెరికా నుంచి నోటరీ అయి రావాలె.

కొండాపూర్ సంగతి వేరు. ఐటీ ఆఫీసుల కొండాపూర్ కాదు, సంగారెడ్డి దాటినంక వచ్చే మా కొండాపూర్. ఊరి బయట పాటిదిబ్బను, అంటే పాడుబడ్డ పాత ఊరి మట్టిదిబ్బను, 1940–42లో నిజాం పురావస్తు శాఖ తరఫున ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ తవ్వించాడు. శాతవాహనుల ఊరు బయటపడింది. సీసం, రాగి నాణేలు వేలల్లో, నాణేలు పోసే అచ్చులు, పూసలు, తెల్ల సుద్దమట్టి బొమ్మలు, బౌద్ధ కట్టడాల పునాదులు, రోము చక్రవర్తి అగస్టస్ నాణెం. ఇంత సరుకు ఒక్కచోట దొరకడం దక్కనులో అరుదు. దానికి నంబరు పడింది, కంచె పడింది, పక్కన కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం వచ్చింది. అంతకు ముందు మాత్రం పాటిమన్ను మంచి ఎరువని రైతులు బండ్లకొద్దీ చేలకు తోలుకునేవారు. ఎన్ని నాణేలు జొన్నచేను మడకకు తగిలాయో.

2010లో కేంద్ర పురావస్తు చట్టం సవరించాక రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం. ఆపైన 200 మీటర్లలో అనుమతి తీసుకునే కట్టాలి. దీంతో నాయన నోటు పుస్తకంలోని 'దక్షిణం: పాటిదిబ్బ' అనే మాటకు ఉన్నట్టుండి విలువ తిరగబడింది. ఈ మధ్య ఒకాయన ఆ వైపు జాగా అమ్మకానికి వచ్చాడు. లింకు డాక్యుమెంట్లలో పాటిదిబ్బ అని ఉంది. దాన్ని తీసేసి 'పొరుగువారి భూమి' అని రాయమన్నాడు.

"దిబ్బ అంటే కొనెటోడు భయపడుతడు సారూ. మాట మార్చుండ్రి, దిబ్బ జరుగది గద."

"హద్దు మారిస్తే పాత పత్రంతో గొలుసు తెగుతది. రేపు నీ కొనుగోలుదారే నీ మీద కేసేస్తడు."

అరగంట వాదించి, చాయ్ తాగి, ఒప్పుకున్నాడు. కాని మీటర్లు ఎక్కడి నుంచి లెక్క అని అడిగాడు. దిబ్బ నడుమ నుంచి కాదు, రక్షిత స్థలం బయటి హద్దు నుంచి అని చెప్పి పంపాను. టేపు పట్టుకుని పోయాడు. సాయంత్రం ఫోన్: నూట ఎనభై మీటర్లు వచ్చింది, అనుమతికి అర్జీ ఎట్ల పెట్టాలె? అర్జీతో పాటు స్థలం నక్షా, లింకు డాక్యుమెంట్లు, పాటిదిబ్బ అని ఉన్న ఆ పాత పత్రం జిరాక్సు కూడా తెమ్మన్నాను. ఫారం నా కొడుకు నింపుతున్నాడు.