కొల్లేటిలో చేపల చెరువులు: సభ్యత్వం, కౌలు, మత్స్యకారుడు

కొల్లేటి వివాద చరిత్రను 2006 నాటి గట్ల కూల్చివేతతో మొదలుపెట్టడం పరిపాటి. యంత్రాలు, పోలీసు బలగాల నడుమ జరిగిన ఆ ఘట్టం ప్రభుత్వానికీ ఆక్రమణదారులకూ మధ్య పోరుగా ప్రచారం పొందింది. స్థానిక మత్స్యకారులకూ చేపల పెంపకంలోకి దిగిన పెట్టుబడిదారులకూ నడుమ అంతకు ముందునుంచే ఉన్న వైరుధ్యం ఆ చిత్రణలో మరుగునపడింది. దాని మూలాలు 1970ల సహకార సంఘాలలో ఉన్నాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు దానిలో కలుస్తాయి. ఆ నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రం చేరుతుంది. ఈ సరస్సుకు స్థిరమైన ఒడ్డు లేదు. వానాకాలంలో పరచుకుని వేసవిలో ముడుచుకునే నీటిని అనుసరించే లంక గ్రామాల జీవనం సాగింది. నీరున్నప్పుడు వేట, నీరు తీసినచోట వరి. లంకలలో అధిక సంఖ్యాకులైన వడ్డి కులస్థులు దోనెలపై తిరుగుతూ వలలతో, వెదురు మావులతో కొర్రమీను, వాలుగ, జెల్ల వంటి చేపలను పట్టేవారు. ఈ వేటకు కావలసినది పనిముట్లు, నీటి పోకడ తెలిసిన అనుభవం. పెద్ద పెట్టుబడి కాదు.

1970ల మధ్యలో ప్రభుత్వం లంకవాసులతో సహకార సంఘాలు ఏర్పరచి, సరస్సు గర్భంలో చేపల చెరువుల తవ్వకాన్ని ప్రోత్సహించింది. తరచూ మునిగే వరి కన్నా చేపల పెంపకం మేలన్న ఆలోచనలో సదుద్దేశం లేదనలేము. అయితే ‘సరస్సులో చెరువు’ అన్న మాటను కాస్త పరిశీలించాలి. తెలుగు పల్లెలో చెరువంటే సాధారణంగా ఊరుమ్మడి నీటివనరు. కొల్లేటిలో ఆ పదం అందుకు విరుద్ధమైన అర్థాన్ని సంతరించుకుంది: ఉమ్మడి నీటి నుంచి గట్టు వేసి విడదీసిన భాగమే అక్కడ చెరువు.

గట్టు వేశాక చేప మారింది, ఖర్చూ మారింది. బొచ్చె, శీలావతి పిల్లలు కొనాలి; తవుడు, చెక్క మేతగా వేయాలి; నీరు తోడాలి; పట్టుబడి అయ్యాక ఐసు వేసి లారీలలో కలకత్తా వంటి దూరపు మార్కెట్లకు పంపాలి. ఒక్కో పంటకు నెలల తరబడి సొమ్ము నిలవాలి. సంఘ సభ్యునికి హక్కు వచ్చింది గాని ఆ సొమ్ము రాలేదు. ఈ ఖాళీలోకే డబ్బున్న రైతులు, వ్యాపారులు వచ్చారు. చెరువు సంఘం పేరునే ఉండగా సాగు కౌలుదారు చేతికి పోయింది; సభ్యునికి కౌలులో వాటా, కాపలా పనో వల లాగే కూలో మిగిలాయి.

ఇందులో చట్టం పాత్ర విచిత్రమైనది. 1977 నాటి అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం నిరుపేదలకిచ్చిన భూమిని కౌలుకివ్వడాన్ని కూడా బదలాయింపుగానే పరిగణించింది. పేదకు రక్షణగా తెచ్చిన ఈ నిషేధం వల్ల, డి-ఫారం పట్టా భూములలోని కౌలు బాహాటంగా కాగితానికెక్కే వీలు లేకపోయింది. రికార్డునే ఆధారం చేసుకునే చరిత్రకారునికి అక్కడ కనిపించేది పట్టాదారు పేరు మాత్రమే. లాభం ఎవరిదో కనిపించదు. కొల్లేటి అధ్యయనంలో ప్రధాన చిక్కు ఇదే.

గట్ల ప్రభావం కౌలు వాటా అందని ఇళ్లపైనా పడింది. ఏరుల నీరు సరస్సంతటా పారే దారులు మూసుకుపోయాయి, సహజంగా పెరిగే చేపల తావులు తగ్గాయి, దోనె తిరిగే నీరు కుదించుకుపోయింది. సభ్యత్వమున్నవారికి నష్టంతో పాటు కౌలు కొంతైనా దక్కింది. వేటనే నమ్ముకున్నవారికి నష్టమే మిగిలింది. కనుక ‘స్థానికులు’ అన్న ఒక్క మాటతో వీరందరినీ కలిపి చెప్పడం సరికాదు.

1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు వరకున్న దాదాపు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2001 నాటి హైకోర్టు తీర్పు, ఆపై సుప్రీంకోర్టు నియమిత కేంద్ర సాధికార కమిటీ జోక్యం 2006 నాటి కూల్చివేతకు దారితీశాయి. నీటిదారుల దృష్ట్యా అది అవసరమైన చర్యే. కాని గట్టును కూల్చే యంత్రానికి సంఘం చెరువు, పెట్టుబడిదారు చెరువు అన్న తేడా లేదు. ఒక పంట పోగొట్టుకున్న పెట్టుబడిదారు వేరొకచోట చెరువు వెతుక్కోగలడు. లంకలో ఉండేవారికి కౌలు ఆగిపోయింది, కూలి ఆగిపోయింది. పాత వేట ఆ మర్నాడే తిరిగి రాలేదు.

ఆ తరువాత వివాదం గట్టు నుంచి కాంటూరుకు మారింది. అభయారణ్య సరిహద్దును 5 అడుగుల నుంచి 3 అడుగులకు తగ్గించాలన్న కోరిక లంకవాసుల జీవనోపాధి పేరిట ముందుకు వచ్చింది. అజీజ్ కమిటీ తగ్గింపును సమర్థించలేదు. అయినా 2015లో రాష్ట్ర శాసనసభ అదే కోరుతూ తీర్మానించింది. తగ్గింపు వల్ల విడుదలయ్యే నేల ఎవరి పేర నమోదవుతుందన్నది ఆ చర్చలో వినిపించింది. ఆ పేరు కింద సాగు ఎవరిది కాబోతుందన్న ప్రశ్నకు మాత్రం, 1970ల నాటి సంఘాల అనుభవం కళ్లెదుటే ఉన్నా, అంతటి చోటు దక్కలేదు.