రెండో జ్వరం: 1918లో మా ముత్తవ్వ మీద పడ్డ నింద

రెండేళ్ళ కిందట చలికాలంలో మా నాయనకు ఫ్లూ వచ్చింది. ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులు, నూట రెండు జ్వరం. నాలుగో రోజుకు జ్వరం దిగింది. ఐదో రోజు ఆకలన్నారు, రాగి ముద్ద తిన్నారు. ఆరో రోజు అమ్మ వేన్నీళ్ళు కాచి తలకు పోసింది. ఏడో రోజు రాత్రి రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో పొడిచినట్టు నొప్పి. ఊర్లో ఉన్న అత్తకు ఫోన్ చేస్తే ఆమె అడిగిన మొదటి మాట, "తలకు పోస్తివా వదినా?"

అమ్మ జవాబు చెప్పలేదు. ఫోన్ మా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది.

మా ఇంట్లో ఆ ప్రశ్నకు నూరేళ్ళు దాటాయి. అది ఎక్కడ పుట్టిందో, ఎందుకు తప్పో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాము.

మాది కోలారు జిల్లా శ్రీనివాసపుర పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర నేర్చుకున్నవి, తప్పులుంటే దిద్దుకొని చదవండి. మా తాతకైతే తెలుగు అక్షరాలు రావు. ఇంటి వంశవృక్షాన్ని ఆయన కన్నడ అక్షరాల్లో తెలుగు మాటలతో ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టారు. అందులో మా ముత్తాత తమ్ముడి పేరు పక్కన "ఇన్‌ఫ్లుయెంజా ఏడు, తలకు పోసినందువల్ల" అని ఉంది.

అవ్వ తన అత్తగారి నోట విన్న కథ ఇది. 1918లో, వానలు పడని ఆ ఏడు, ఊర్లో ఇంటింటా జ్వరం. చిన్న ముత్తాతకు పాతికేళ్ళు, మంచి కష్టజీవి. పడిశెంతో పడుకున్నాడు, నాలుగైదు రోజులకు లేచాడు, జొన్న సంగటి అడిగి తిన్నాడు. "వదినా, ఒళ్ళంతా జిడ్డుగా ఉంది, నీళ్ళు పొయ్యి" అన్నాడట. మా ముత్తవ్వ రాగి అండాలో నీళ్ళు కాచి తలకు పోసింది. మరుసటి రాత్రే చలి, వణుకు, పక్క నొప్పి. దగ్గితే తుప్పు రంగు కఫం. మూడో రోజు సంధి మాటలు, నాలుగో రోజు పోయాడు. అంతే, ఊరంతా ఒకటే మాట. "మరిదికి తలకు పోసి చంపుకుంది." ఆమె ఆ తరవాత నలభై ఏళ్ళకు పైగా బతికింది. ఇంట్లో ఎవరు జబ్బు పడి లేచినా ఆ అండా దగ్గరికి మాత్రం పోలేదంట.

ఇక ఆ ఏడు బయట ఏం జరిగిందో చూద్దాం. 1918 జూన్‌లో బొంబాయి రేవులో ఇన్‌ఫ్లుయెంజా మొదలైంది. మొదటి అల తేలిగ్గానే పోయింది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చిన రెండో అల అసలైనది. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తా ఉంది, సిపాయిలూ రైళ్ళూ దేశమంతా తిరుగుతున్నాయి. మా జిల్లా కూడా మూలన ఏమీ లేదు. మద్రాసు బెంగళూరు రైలు దారి బౌరింగ్‌పేట, అంటే ఇవాళ్టి బంగారపేట మీదుగా పోతుంది. ఆ పక్కనే బంగారు గనులు, ఈ పక్క బెంగళూరు కంటోన్మెంటు. పైగా ఆ ఏడు వానలు మోసం చేశాయి, ధాన్యం ధరలు మండిపోయాయి. ఒక్క భారతదేశంలోనే కోటికి పైగా చనిపోయారు. 1911 నుంచి 1921 దాకా ఉన్న పదేళ్ళు మన జనాభా లెక్కల్లో ప్రత్యేకం. జనం పెరగకుండా తగ్గింది ఆ ఒక్క దశాబ్దంలోనే.

మనవాళ్ళకు అంతకు ముందు తెలిసిన మహమ్మారి ప్లేగు. 1898లో బెంగళూరును కుదిపేసింది. దానికొక గుర్తు ఉండేది, ఎలుకలు రాలితే ఊరు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారు. ఇన్‌ఫ్లుయెంజాకు అలాంటి గుర్తు లేదు. అది పడిశెంలాగా వచ్చింది. పడిశెంకు ఊరు విడిచేదెవరు? జ్వరం దిగింది కదా అనుకున్నాక మనిషి పోతే కారణం ఏదని వెతుక్కోవాలి. మధ్యలో జరిగిన ఒకే ఒక్క పని స్నానం. చేసింది ఇంటి కోడలు.

తప్పు మనిషిని పట్టుకున్నది మా ఊరొక్కటే కాదు. జర్మనీలో రిచర్డ్ ఫైఫర్ అనే శాస్త్రవేత్త 1892లో ఇన్‌ఫ్లుయెంజా రోగుల కఫంలో ఒక చిన్న బ్యాక్టీరియాను చూసి, ఈ జబ్బు తెచ్చేది ఇదే అన్నారు. దానికి ఇన్‌ఫ్లుయెంజా పేరే పెట్టారు. 1918లో డాక్టర్లు దానికోసమే వెతికారు. కొందరిలో దొరికింది, కొందరిలో దొరకలేదు. దాని బదులు న్యుమోకాకస్, స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ దొరికాయి. మేము చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రోగ్రామ్ కూలిన చోట కనబడ్డ తప్పే కూలడానికి మూలం అనుకొని మేము ఎన్నిసార్లు మోసపోయామో లెక్కలేదు. ఫైఫర్‌గారికి జరిగిందీ అదే.

1931లో అమెరికాలో రిచర్డ్ షోప్ పందుల ఇన్‌ఫ్లుయెంజా మీద పనిచేస్తూ ముడి విప్పారు. బ్యాక్టీరియా సైతం ఆగిపోయే సన్నని ఫిల్టరుగుండా దిగిన ద్రవాన్ని ఇస్తే పందులకు తేలికపాటి జబ్బే వచ్చింది. ఆ ద్రవంలో ఉన్నది వైరస్. దానితోపాటు ఫైఫర్ చూసిన దానికి చుట్టమైన బ్యాక్టీరియాను కూడా ఇస్తే జబ్బు ముదిరింది. రెండేళ్ళకు, 1933లో, లండన్‌లో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లైడ్‌లా మనుషుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను పట్టుకున్నారు. అంటే తలుపు పగలగొట్టేది ఒకరు, ఇల్లు దోచేది ఇంకొకరు.

ఆ తలుపు ఏదంటే, మన గాలి గొట్టం లోపలి పొర. దాని నిండా కంటికి కనబడని సన్నని నూగు ఉంటుంది. అది రాత్రీ పగలూ కదులుతూ దుమ్మునూ క్రిములనూ కఫంతో కలిపి పైకి ఊడ్చేస్తుంది. ఫ్లూ వైరస్ ఈ నూగున్న కణాలనే చంపుతుంది. ఊడ్చే దిక్కు లేకపోతే, మామూలుగా మన ముక్కులో గొంతులో ఊరికే కూర్చొని ఉండే బ్యాక్టీరియా కిందికి, ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పైగా క్రిములను మింగే రక్షక కణాలు వైరస్‌తో పోరాడి కొన్నాళ్ళు మందగిస్తాయి. అందుకే ప్రమాదం జ్వరం ఎక్కువున్న రోజున కాకుండా, తగ్గిందని ఊపిరి పీల్చుకున్నాక, వారం అటూ ఇటూగా వస్తుంది. మామూలు పడిశెం ఇంత దూరం పోవడం తక్కువ. కానీ అది కూడా ముక్కు వాచి దారులు మూసుకుంటే సైనస్‌కు, పిల్లల్లో చెవి పోటుకు, చెవి కారడానికి దారి తీస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం రేపుతుంది.

1918లో కొందరు వైరస్ దెబ్బకే రెండు మూడు రోజుల్లో పోయారు. అయితే ఎక్కువమంది అలా పోలేదు. ఆ మహమ్మారిలో చనిపోయిన 58 మంది అమెరికా సిపాయిల ఊపిరితిత్తుల ముక్కలు దాచి ఉంచితే, 2008లో మోరెన్స్, టాబెన్‌బర్గర్, ఫౌచీ వాటిని మళ్ళీ పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. అప్పటి శవపరీక్షల రికార్డులు కూడా తిరగేశారు. చాలామందిని చంపింది ఫ్లూ వెనక వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా అని తేలింది. లేచి తిరగడం, మళ్ళీ చలి, పక్క నొప్పి, తుప్పు రంగు కఫం. ఈ వరస చదివినప్పుడు మా ఒళ్ళు జలదరించింది. అవ్వ చెప్పిన కథలో ఒక్క మాట తేడా లేదు. ఆ సిపాయిలకు ఎవరూ తలకు పోయలేదు.

ముత్తవ్వ చేతిలో అప్పుడు శొంఠి కషాయం తప్ప ఇంకేం లేదు. డాక్టర్ల దగ్గర కూడా దీనికి మందు లేదు. 1938లో సల్ఫాపైరిడిన్ వచ్చింది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనిపెట్టిన పెన్సిలిన్ రెండో ప్రపంచ యుద్ధంలో గానీ జనానికి అందలేదు. 1929లో ఫ్లెమింగ్ ఆ పెన్సిలిన్ మీద రాసిన మొదటి వ్యాసంలో చూపించిన ఒక ఉపయోగం ఏమిటో తెలుసా? మిగతా క్రిములను చంపి ఫైఫర్ బ్యాక్టీరియాను విడిగా పెంచడం! 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన డైరెక్టరుగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది.

మందులు వచ్చినా ఆ జంట విడిపోలేదు. 2009 స్వైన్ ఫ్లూలో అమెరికాలో చనిపోయిన 77 మంది ఊపిరితిత్తులు పరీక్షిస్తే 22 మందిలో బ్యాక్టీరియా కూడా ఉంది.

మా నాయనకు ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనబడింది. సమయానికి ఆంటీబయాటిక్ పడింది, పది రోజులకు లేచి కూర్చున్నారు. డాక్టరమ్మను అమ్మే భయపడుతూ అడిగింది, తలకు పోసినందువల్లా అని. "నీళ్ళకూ దీనికీ సంబంధం లేదమ్మా, పోయకపోయినా వచ్చేది" అన్నారామె. అమ్మ ఆ రోజు చాలాసేపు ఏడ్చింది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు, పసిపిల్లలకు, షుగర్, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఫ్లూ వస్తే జ్వరం దిగిన తరవాత వారం పది రోజులు కనిపెట్టి ఉండండి. తగ్గిన జ్వరం తిరిగి వచ్చినా, ఆయాసం వచ్చినా, ఊపిరికి పక్క నొప్పి పుట్టినా, మాట తడబడినా, పిల్లలు డొక్కలెగరేసినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి. వట్టి పడిశెంకు ఆంటీబయాటిక్ మింగవద్దు, అది వైరస్‌ను ఏమీ చేయలేదు. పిల్లల టీకాలు తప్పించవద్దు. ఫైఫర్ చూసిన బ్యాక్టీరియాలో ప్రమాదకరమైన రకానికి టీకా 2011లో తమిళనాడు, కేరళల్లో మొదలై దేశమంతా వచ్చింది. న్యుమోకాకస్ టీకా 2021 నుంచి దేశమంతా ఉచితం. పెద్దవాళ్ళకు ఫ్లూ, న్యుమోనియా టీకాల సంగతి మీ డాక్టరును అడగండి.

పోయిన ఉగాదికి ఊరికి వెళ్ళినప్పుడు తాత నోట్‌బుక్కు తీసి ఇదంతా అత్తకు చదివి వినిపించాము. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత అమ్మ చెయ్యి పట్టుకొని, "నేను ఆ మాట అడక్కుండా ఉండాల్సింది వదినా" అంది. పెన్ను కూడా ఆమే తెచ్చి ఇచ్చింది. "తలకు పోసినందువల్ల" అన్న మాటను కొట్టేసి, పైన కన్నడ అక్షరాల్లోనే, తాత రాసినట్టే, "ఇన్‌ఫ్లుయెంజా తరవాత వచ్చిన న్యుమోనియా వల్ల" అని రాశాము.